గట్టు కింద కన్నం

ఇంటికి కన్నం వేసేవాణ్ణి దొంగ అంటాం, దొరికితే కట్టేసి కొడతాం. కానీ సొంత వంటగదిలో, గట్టు కింద ఉన్న కన్నంలోంచి నిక్షేపంలా పనిచేస్తున్న మిషన్ని పీకేసి ఇంకోదాన్ని దూర్చేవాణ్ణి మాత్రం అభిరుచి ఉన్న మనిషి అంటున్నాం, ఈ పక్షపాతం ఎందుకో ఎవరో ఒకరు గట్టిగా అడగాలి. ఆ అర్హత నాకుంది, ఎందుకంటే ఈమధ్యే మా డిష్‌వాషర్ తీయించేసి ఆ చోట్లో బిల్టిన్ ఓవెన్ పెట్టించాను.

ముందు సిద్ధాంతం చెప్తా. డిష్‌వాషర్ అనేది ఉన్న మురికిని తీసేసే యంత్రం. ఓవెన్ అనేది లేని మురికిని పుట్టించే యంత్రం. మొదటిదాన్ని పంపేసి రెండోదాన్ని తెచ్చుకున్నవాడికి నష్టం ఒకటి కాదు, రెండు. ఈ లెక్క ఒకటో తరగతి పిల్లాడిక్కూడా వస్తుంది, నాకు మాత్రం రాలేదు, ఎందుకంటే అప్పటికే రెండు వారాలుగా రాత్రి పన్నెండింటికి పడుకుని ఎవడో బ్రెడ్డు కోస్తున్న వీడియోలు చూస్తున్నా. ఆ పైపెంకు కరకరమన్న శబ్దం విన్నాక మనిషి మనిషిలా ఉండడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఓవెన్ రాకముందే మూడు సైజుల టిన్నులు, వేడి చూసే థర్మామీటరు, మోచేతుల దాకా వచ్చే గ్లౌజులు కొనేశాను.

మా ఆవిడ అడిగింది ఒక్కటే ప్రశ్న. "ఏవండీ, మరి గిన్నెలు?"

"చూద్దాం" అన్నాను. ప్రభుత్వాలు కమిటీ వేస్తాయి, మొగుళ్ళు చూద్దాం అంటారు, రెండింటికీ అర్థం ఒకటే.

ఇక్కడ చరిత్ర కూడా కొంచెం తెలుసుకోవాలి, నేను చేసిన అపరాధం ఎంత పెద్దదో అప్పుడే తెలుస్తుంది. జోసెఫిన్ కాక్రన్ అనే అమెరికా ఆవిడ పింగాణీ ప్లేట్ల అంచులు విరుగుతున్నాయని విసుగెత్తి, ఇంకెవరూ చెయ్యకపోతే నేనే చేస్తానని కూర్చుని గిన్నెలు కడిగే మిషన్ తయారుచేసి 1886లో పేటెంట్ తీసుకుంది. తర్వాత 1926లో మార్గరెటె షుటె-లిహొట్స్కీ అనే ఆర్కిటెక్టు ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్ గీసింది, ఇప్పుడు మనం మాడ్యులర్ అని మురిసిపోయే వంటగదులన్నిటికీ అది ముత్తవ్వ. వంటచేసే మనిషి ఒక్క అడుగు కూడా దండగ్గా వెయ్యకూడదని ఆవిడ ఇంత చిన్న గదిలో ప్రతి అరకీ లెక్క వేసి పెట్టింది. ఒకావిడ చేతులకి పని తగ్గించింది, ఒకావిడ కాళ్ళకి పని తగ్గించింది, నేను ఒకే ఒక్క శనివారం నాడు ఇద్దరి శ్రమా సింకులో పోశాను.

సరే, కొలతల దగ్గరికొద్దాం, అసలు ముసళ్ళ పండగ అక్కడుంది. డిష్‌వాషర్ వెడల్పు 60 సెంటీమీటర్లు. ఓవెన్ వెడల్పు కూడా 60 అని రాసుంటుంది. 60 లోంచి 60 తీసి 60 పెట్టడమే కదా అనుకున్నాను, మీరూ అదే అనుకుంటారు, అందరూ అదే అనుకుని మునుగుతారు. వంటగదిలో 60 అనేది అంకె కాదండీ, ఇంటిపేరు. ఆ ఇంటిపేరు పెట్టుకున్నవాళ్ళు ఏ ఇద్దరూ ఒక్క సైజులో ఉండరు. ఓవెన్ ముందు భాగం 59.5. లోపలికి దూరే ఒళ్ళు అంతకంటే సన్నం, దానికి కావాల్సిన సందు 56. ఎందుకంటే క్యాబినెట్ బయట నుంచి 60, రెండు పక్కలా 18 మిల్లీమీటర్ల చెక్క పోతే లోపల మిగిలేది 56.4. ఓవెన్ ఒళ్ళు ఆ చెక్కల మధ్య దూరుతుంది, మొహం ఆ చెక్కల అంచుల్ని కప్పేస్తుంది, రెండు పక్కలా స్క్రూలు ఆ చెక్కల్లోకే బిగించాలి. మరి డిష్‌వాషర్ ఉన్న చోట చెక్కలు ఎక్కడివి? అది క్యాబినెట్లో ఉండదు, రెండు క్యాబినెట్ల మధ్య ఉత్త ఖాళీలో తన నాలుగు కాళ్ళ మీద తను నిలబడుతుంది, పాపం స్వయంకృషి. ఓవెన్‌కి కాళ్ళు లేవు. అది కొత్త అల్లుడి టైపు, పీట వేస్తే తప్ప కూర్చోదు. అంటే కన్నంలో ముందు ఒక పెట్టె కట్టించాలి, పెట్టెలో పీట వేయించాలి, ఆ పీట ముప్పై నలభై కేజీలు మోయాలి, అప్పుడు వారు దయచేస్తారు.

ఎత్తు సంగతి ఇంకో కథ. డిష్‌వాషర్ కన్నం నేల నుంచి గట్టు అడుగు దాకా మా ఇంట్లో 82. ఓవెన్‌కి కావాల్సింది 60. మిగిలిన 22లో కాళ్ళ దగ్గర పట్టీకి ఒక 10 పోయింది, చెక్కల మందం పోయింది, చివరికి ఓ జానెడు కూడా లేని సందు మిగిలింది. కార్పెంటర్ టేపు చెవి వెనక... కాదు, చెవి వెనక పెన్సిలు, చేతిలో టేపు, ఆ సందు వైపు చాలాసేపు చూసి "ఇక్కడ డ్రాయర్ చేద్దామా, పలక కొట్టేద్దామా సార్?" అన్నాడు. జీవితంలో నన్ను ఎవరూ అంత గౌరవంగా సలహా అడగలేదు, డ్రాయర్ అన్నాను.

పాత మిషన్ బయటికి రావడం గురించి ఎక్కువ చెప్పను, ఏడుపొస్తుంది. నీళ్ళ వాల్వు కట్టేశాం, ప్లగ్గు తీశాం, అంతా పద్ధతిగానే చేశాం. కానీ దాని కడుపులో అడుగున ఎప్పుడూ కాసిని నీళ్ళు ఉంటాయని, ముందుకి వంచితే ఒలుకుతాయని ఎవరికీ గుర్తులేదు. చెంబుడు నీళ్ళే, కానీ ఆ వాసన చెంబుడు కాదు.

తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చాడు. డిష్‌వాషర్ ప్లగ్గు పాయింట్ ఉందిగా అని నేను చాలా ధీమాగా చూపించాను. ఆయన ఓవెన్ మీద రేటింగు చదివాడు, 3500 వాట్లు. 230 వోల్టులకి భాగిస్తే 15 ఆంపియర్ల పైమాట. పాత మిషన్ తాగింది సుమారు రెండు వేల వాట్లు, అదీ నీళ్ళు కాచుకున్నంతసేపే. "దీనికి సెపరేట్ లైనుండాలి సార్, ఎంసీబీ, అదే లోడెక్కువైతే తనంతట తనే పడిపోయే స్విచ్చు, వేరే ఉండాలి, ప్లగ్గు వెనక ఉంటే ఓవెన్ లోపలికి పోదు, పక్క అరలో పెట్టాలి" అన్నాడు. పక్క అర అంటే మా ఆవిడ డబ్బాల అర. కందకి లేని దురద కత్తిపీటకెందుకు అంటారు గానీ, మా ఇంట్లో కందకీ కత్తిపీటకీ ఇద్దరికీ దురద పుట్టింది. పెట్టెకి వెనక చెక్క కూడా ఉండకూడదట, వేడిగాలి పోవాలట. డబ్బు పోసి కట్టించిన కొత్త పెట్టెకి వెనక గోడ లేదు, దర్జా అంతా ముందు వైపే. (మనలో మాట, ఇలాంటి మనుషులు నాకు చాలామంది తెలుసు.)

రసమట్టం పెట్టి బుడగ మధ్యకొచ్చేదాకా సర్ది, తలుపు ఊడదీసి బరువు తగ్గించుకుని, ఇద్దరు పట్టుకుని లోపలికి తోశారు. హ్యాండిల్ పట్టుకుని ఎత్తకూడదని కార్పెంటర్ నాకు మూడుసార్లు చెప్పాడు, నేను దాన్ని ముట్టుకోకుండానే. నా మొహంలో ఏం కనిపించిందో.

ఆ రాత్రి చాలా ఏళ్ళ తర్వాత చేత్తో గిన్నెలు కడిగాను. నిజం చెప్పాలంటే బాగానే కడిగాను. సింకులో నీళ్ళు వదలగానే కింద ఏదో గలగలమంది. విషయం ఏంటంటే సింకు కింద ట్రాపుకి, అంటే వంపు తిరిగిన పైపుకి, డిష్‌వాషర్ పైపు తగిలించే చిన్న మూతి ఒకటుంటుంది, పైపు పీకాం గానీ ఆ మూతికి మూత ఎవడూ పెట్టలేదు. నేను శ్రద్ధగా కడిగిన ప్రతి గిన్నె నీళ్ళూ ఆ మూతిలోంచి అరలోకి, అరలోంచి కొత్త పీట మీదకి. పోతూ పోతూ డిష్‌వాషర్ పెట్టిన శాపం అది, నేను వేరే కారణాలు ఒప్పుకోను.

పీట ఆరాక ముహూర్తం. కొత్త ఓవెన్‌ని మొదటిసారి ఖాళీగా కాల్చాలి, లోపల ఫ్యాక్టరీ నూనెలూ అవీ ఉంటాయి. కిటికీలన్నీ తీసి 250 డిగ్రీలు పెట్టాం, గంటసేపు ఇల్లంతా టైరు కాలిన కంపు. ఆపేశాక కూడా ఓవెన్ లోపలి ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, చల్లారేదాకా తిరుగుతుందట. మా ఆవిడ అవతలి గదిలోంచే "అయిపోయిందా?" అంది. ఓవెనే సమాధానం చెప్పలేదు, నేనేం చెప్తాను.

ఇక వాడకం. గట్టు కింద ఓవెన్ అంటే ట్రే మోకాళ్ళ దగ్గర ఉంటుంది. తలుపు కిందకి తెరుచుకుని అరమీటరు ముందుకొచ్చి నిలబడుతుంది, దానవతల నిప్పుకణికలా ట్రే, మధ్యలో మీరు నడుం వంచి, మోకాళ్ళు మడిచి, చేతులు చాచి. గుళ్ళో కూడా నేనంత వంగలేదు. ఆ ట్రే సింకులో పట్టదు. అడ్డంగా పెట్టినా, నిలువుగా పెట్టినా, మూలగా పెట్టినా ఒక మూల బయటే ఉంటుంది, ఆ మూలకే మాడు అంటుకుంటుంది. దాన్ని ఇప్పుడు బాత్రూంలో బకెట్ పక్కన నానబెడుతున్నాం.

చేత్తో కడిగిన గిన్నెలు ఆరబెట్టడానికి గట్టు మీద స్టాండు వచ్చింది, దానివల్ల పిండి కలపడానికి గట్టు మీద చోటు పోయింది, పిండి కలపడం లేదు కాబట్టి బ్రెడ్డు లేదు, బ్రెడ్డు లేదు కాబట్టి ఓవెన్ ఖాళీ, ఓవెన్ ఖాళీ కాబట్టి స్టాండులో పట్టని మూకుళ్ళు అందులో. డ్రాయర్లో మిగిలిపోయిన డిష్‌వాషర్ బిళ్ళలున్నాయి. డిష్‌వాషర్ బాల్కనీలో దుప్పటి కప్పుకుని ఉంది, దాని మీద ఓవెన్ గ్లౌజులు ఆరేశాం.

నిన్న సాయంత్రం టేపు కనిపించలేదు. వెతుక్కుంటూ వెళ్తే ఫ్రిజ్ పక్కన నేల మీద కూర్చుని మా ఆవిడ గోడకీ ఫ్రిజ్‌కీ మధ్య కొలుస్తోంది.

"ఏవండీ, ఇక్కడ 60 ఉంటే సరిపోతుందా దానికి?"

"ఏ 60?" అన్నాను.