అడగడం వేధించడం కాదు
అమెరికాలో పుట్టిన మోర్మన్ మతశాఖ ప్రచారకులు (మిషనరీలు) ఇంటికి వచ్చినప్పుడు వాళ్ల మత చరిత్ర గురించి నిలదీయడం వేధింపేనని ఒక వ్యాసకర్త రాశారు. నేను ఒప్పుకోను. మా మతంలో చేరండని తలుపు తట్టినవారిని ఆ మతం సంగతులు అడగకుండా ఎలా ఉంటాం? అరిజోనాలో మా ఇంటికి వచ్చిన ఇద్దరు కుర్రవాళ్లను నేను వాళ్ల పవిత్ర గ్రంథాల్లో ఒకటైన అబ్రహాము గ్రంథం గురించి అడిగాను. 1835లో కొన్న ఈజిప్టు పపైరస్‌ల (రెల్లుతో చేసిన ప్రాచీన కాగితాల) నుంచి దాన్ని అనువదించానని మోర్మన్ చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్ చెప్పుకున్నారు. 1967లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం నుంచి చర్చికి చేరిన ఆ పపైరస్ ముక్కలు మాత్రం చనిపోయినవారి కోసం రాసిన పాఠాలని పండితులు తేల్చారు. వాటిలో అబ్రహాము పేరే లేదని చర్చి కూడా 2014లో తన వెబ్‌సైటులో ఒప్పుకుంది. ఈ మాట ఎప్పుడూ వినలేదన్నాడు ఒక అబ్బాయి. రెండేళ్లపాటు ఇల్లు విడిచి వచ్చిన పిల్లవాడు; ముందే చెప్పి పంపవలసింది అతని పెద్దలు.