మా మాస్టర్‌మైండ్ ముఠా

"మాస్టర్‌మైండ్ గ్రూపులో చేరినా" అని చెప్పగానే మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎర్రచందనం వార్తల్లో రాస్తారే, ఆ మాస్టర్‌మైండా?" అంది. కడపలో ఆ మాటకున్న పేరు అలాంటిది మరి.

కాదు తల్లీ, వ్యాపారస్తులు నలుగురైదుగురు కూర్చుని ఒకరి కష్టం ఒకరు వినడం అని చెప్పాను. ఒకే సరుకు అమ్మేవాళ్లు ఇద్దరుండకూడదు, లోపలి మాట బయటికి పోకూడదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1727లోనే ఫిలడెల్ఫియాలో ఇలాంటి గుంపు పెట్టి, ప్రతి శుక్రవారం కూర్చునేవాడు. ఆయనా నాలాగే ప్రింటింగ్ ప్రెస్ మనిషే. ఆ స్నేహితుల్లో ఒకాయన వల్ల ఆయనకు పెద్ద అచ్చుపని దొరికింది కూడా. అంతా విని ఆవిడ, "బాకీలు వసూలయ్యేవా ఆయనకు?" అంది.

మొత్తం ఐదుగురం: నేను, మిఠాయి అంగడాయన, టెంట్ హౌసన్న, కడప బండలమ్మే పెద్దాయన, మందుల షాపాయన. ఏడురోడ్ల దగ్గర మా ప్రెస్సులో ఆదివారం పొద్దున, కారం దోసెలతో. వారానికొకరు హాట్ సీటులో కూర్చోవాలి. మే నెల కడపలో ప్రతి కుర్చీ హాట్ సీటే, అది వేరే సంగతి. కూర్చున్నాయన కష్టం చెప్పాక మిగతావాళ్లు ముందు ప్రశ్నలే అడగాలి, సలహా తర్వాత. మొదటి వారం మిఠాయి అంగడాయన అద్దె మీద ఏడ్చాడు. "రోజుకెంత సరుకు మిగిలిపోతుంది?" అని మందుల షాపాయన అడిగితే నోట మాట లేదు. ఎప్పుడూ లెక్కేయలేదట!

రెండో వారం నా వంతు. నా కష్టం బాకీలు. మర్యాదస్తుణ్ణి కాబట్టి పేర్లు చెప్పకుండా, ప్రశ్నలు మాత్రం ఒక కాగితం మీద రాసి, ఐదు కాపీలు తీయమని మా కుర్రాడికి చెప్పాను. మా ప్రెస్సులో ఒకవైపు అచ్చయిన కాగితం పారేయం. రెండోవైపు వాడతాం. ఆ పొదుపు వాడికి నేర్పింది నేనే.

అందరూ కాగితం అందుకున్నారు. టెంట్ హౌసన్న విసురుకుందామని తిప్పాడు. విసరలేదు.

వెనకవైపు నా బాకీల పట్టీ. మిఠాయి డబ్బాలు, 12,000: "ఫోన్ ఎత్తడు". టెంట్ హౌస్ బిల్లు బుక్కులు, 6,500: "సంక్రాంతికన్నాడు, ఏ సంక్రాంతో చెప్పలేదు". బండలాయన లెటర్‌హెడ్లు, 2,000: "అత్తకు బాగలేదు, మూడోసారి". చివరి కాలమ్ మా కుర్రాడి సొంత సాహిత్యం.

ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. చట్నీ కూడా ఎవరూ అడగలేదు.

"ఏందన్నా ఇది?" అన్నాడు టెంట్ హౌసన్న. "మీ పాప ఫంక్షన్ షామియానా, కుర్చీలు, 14,000. అది యాడ రాసుకున్నావ్?" వెంటనే బండలాయన గొంతు సవరించుకున్నాడు. "మీ ఇంటి వరండా బండలు, 7,000." మిఠాయి అంగడాయన టెంట్ హౌసన్న వైపు తిరిగి, "మీవాడి పెళ్లి లడ్లు 9,000 కూడా రాయండి, పుణ్యముంటుంది" అన్నాడు.

ఎవరికీ బాకీ లేనివాడు మందుల షాపాయన ఒక్కడే. అరువు ఇవ్వడు, అందుకే మా అందరికీ ఆయనంటే కొంచెం మంట. ఆయనే పెన్ను తీసి కూడికలు, తీసివేతలు చేశాడు. 50,500 రూపాయల బాకీల్లో నిజంగా చేతులు మారాల్సింది 5,000. మిఠాయి అంగడాయన 3,000, టెంట్ హౌసన్న 1,500, నేను 500, మొత్తం బండలాయనకే.

అవునండీ, నేను కూడా. బాకీలు రావట్లేదని హాట్ సీటెక్కినవాణ్ణి, అప్పుపడి దిగాను.

ఎవరేం మాటిచ్చారో పుస్తకంలో రాసి, వచ్చే ఆదివారం అందరి ముందు చదవాలన్నది ఇంకో నిబంధన. పెట్టింది నేనే. "బుధవారానికి ఇస్తా" అని రాయించాను.

ఈరోజు శుక్రవారం. బండలాయన నుంచి నాకు రెండుసార్లు ఫోన్ మోగింది. బండి మీద ఉన్నానని చెప్పుకోవచ్చులే.