ఫ్రీ అని మాత్రం అనకండి

లైసెన్సు కొనాల్సిన ఒరాకిల్ డేటాబేస్ మానేసి, ఊరికే దొరికే ఓపెన్ సోర్స్ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌కు వెళ్దామని యాజమాన్యాన్ని ఒప్పించదలచిన ఇంజినీర్లు ముందు నోరు అదుపులో పెట్టుకోవాలి. "ఇది ఫ్రీ సార్" అన్నారో, ఫైలు అక్కడే మూతపడుతుంది. ఊరికే వచ్చేదానికి ఇన్‌వాయిస్ ఉండదు. ఇన్‌వాయిస్ లేనిదానికి బడ్జెట్ ఉండదు. బడ్జెట్ లేని విభాగాధిపతికి గౌరవం ఉండదు. పైగా అర్ధరాత్రి డేటాబేస్ పడిపోతే తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి కదా! లైసెన్సు ఒప్పందంలో అమ్మినవాడి బాధ్యతకు పరిమితి ఎంతో ఎవరూ చదవరు. చదివితే భక్తి సడలుతుంది.

కనుక అంకెలతో వెళ్లండి. ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ లిస్ట్ ధర ప్రాసెసర్ లైసెన్సుకు 47,500 డాలర్లు. 16 కోర్ల ఇంటెల్ సర్వర్‌కు కోర్ ఫ్యాక్టర్ (కోర్లను లైసెన్సులుగా మార్చే గుణకం) 0.5 కాబట్టి 8 లైసెన్సులు, అంటే 3,80,000 డాలర్లు. ఏటా సపోర్టు అందులో 22 శాతం: 83,600. టేబుల్‌ను నెలలవారీగా విడగొట్టే పార్టిషనింగ్‌కు లైసెన్సుకు ఇంకో 11,500. ఏ క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) ఎందుకు నత్తనడక నడుస్తోందో చూపించే డయాగ్నస్టిక్స్ ప్యాక్‌కు 7,500. దీనికి తాళం వేసి ఇవ్వరు, డిఫాల్టుగా తలుపు తెరిచే ఉంటుంది. కొత్తగా చేరిన డీబీఏ, అంటే డేటాబేస్ నిర్వాహకుడు, ఉత్సాహంగా ఈ ప్యాక్‌లోని ఒక ఏడబ్ల్యూఆర్ (పనితీరు) రిపోర్టు తీస్తే ఆ సంగతి డేటాబేస్ తనలోనే రాసుకుంటుంది, ఒరాకిల్ ఆడిట్ బృందం తీరిగ్గా చదువుకుంటుంది. ఒక సర్వర్‌ను పలు వర్చువల్ మిషన్లుగా పంచే వీఎమ్‌వేర్‌లో నాలుగు కోర్లే ఇచ్చామని వాదించకండి, ఒరాకిల్ పద్ధతిలో కింది హోస్టు సర్వర్ల కోర్లన్నీ లెక్కకొస్తాయి. ఇంత లిస్ట్ ధర మీద తగ్గింపు సాధించామని ప్రొక్యూర్‌మెంట్ వారు మిఠాయిలు పంచుతారు. తినండి, గొడవపడకండి.

పోస్ట్‌గ్రెస్‌లో పార్టిషనింగ్ లోపలే ఉంది. నెమ్మది క్వెరీల జాబితాకు పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ అనే ఎక్స్‌టెన్షన్‌ను సెట్టింగుల్లో చేర్చి, ఒకసారి రీస్టార్ట్ చేసి, క్రియేట్ ఎక్స్‌టెన్షన్ కొడితే సరి. అయితే ఈ మాట చెప్పేముందు ఏదైనా సపోర్టు సంస్థ నుంచి కొటేషన్ తెచ్చుకోండి. డబ్బు అడిగితేనే మిమ్మల్ని పెద్దమనిషిగా చూస్తారు.

తర్వాత పైలట్ ప్రయోగం పెడతారు, ఓడించడానికే. ఇన్‌స్టాల్ చేసిన వెంటనే, షేర్డ్_బఫర్స్ (డేటాను ర్యామ్‌లో ఉంచుకునే చోటు) డిఫాల్టు 128 ఎంబీ దగ్గరే ఉండగా, 64 జీబీ ర్యామ్ ఉన్న మిషన్‌లో పరీక్షించి "స్లోగా ఉందండీ" అని తేల్చేస్తారు. ర్యామ్‌లో నాలుగో వంతు, అంటే 16 జీబీ, మీరే ముందుగా పెట్టండి. ఇక్కడ ప్రతి కనెక్షన్ ఒక ప్రాసెస్, డిఫాల్టు పరిమితి 100. అప్లికేషన్ 500 తెరిస్తే మధ్యలో కొద్ది కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్ ఉండాలి. ఎవరో బిగిన్ కొట్టి, ఏదో మార్చి, కమిట్ చేయకుండా భోజనానికి వెళితే, ఆ తర్వాత చచ్చిన వరుసలను (మార్చిన, తీసేసిన వరుసల పాత కాపీలను) వాక్యూమ్ అనే శుభ్రపరిచే పని తొలగించలేదు, టేబుల్ ఉబ్బుతుంది. అందుకని అలా వదిలేసిన సెషన్‌ను తెంచే ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమౌట్ పెట్టండి.

అసలు కష్టం కోడ్‌లో ఉంది. ఒరాకిల్ కోడ్‌ను పోస్ట్‌గ్రెస్‌కు మార్చే సాధనం ఒరా2పీజీలో షో_రిపోర్ట్‌ను ఎస్టిమేట్_కాస్ట్‌తో నడిపితే ఎన్ని మనిషి రోజులో అంచనా చెబుతుంది. దాన్ని దాచకండి. ఒరాకిల్‌కు ఖాళీ స్ట్రింగ్, నల్ (విలువే లేకపోవడం) ఒకటే. పోస్ట్‌గ్రెస్‌కు వేర్వేరు. ఎర్రర్ రాదు, రిపోర్టులో వరుసలు మాత్రం మారిపోతాయి, అదీ నెలాఖరున. అధికారి కింద అధికారి వంటి అంతస్తులను చదివే కనెక్ట్ బై క్వెరీలను విత్ రికర్సివ్‌గా తిరగరాయాలి. ఒరాకిల్ ప్రొసీజర్లు ఉమ్మడిగా వాడుకునే ప్యాకేజీ వేరియబుల్స్‌కు ఇక్కడ సొంత గూడు లేదు. కాబట్టి పేరోల్ జోలికి పోకుండా కొత్తగా రాయబోయే చిన్న అప్లికేషన్‌తో మొదలుపెట్టండి.

మీ ప్రజెంటేషన్‌లో చివరి స్లైడు గురించి ఒక మాట. "సగం లైసెన్సులు వదిలేస్తే సపోర్టు ఖర్చు సగం అవుతుంది" అని రాయకండి. మిగిలిన సగానికి సపోర్టు ధరను మళ్లీ కొత్తగా లెక్కగట్టే నిబంధన ఉంది, బిల్లు పెద్దగా తగ్గకపోవచ్చు. లైసెన్సులన్నీ వదిలే తేదీ, అప్పటిదాకా రెండు డేటాబేస్‌లూ నడిపే ఖర్చు పక్కపక్కనే వేయండి. మీరు వేయకపోతే రెన్యువల్ వారంలో ఒరాకిల్ సేల్స్ మేనేజరే వచ్చి, ఎండీ గారి ఎదుట కాఫీ తాగుతూ, ఎంతో సానుభూతితో వేసి చూపిస్తాడు.