ఎలుక కరిస్తే డాక్టర్ సస్పెండ్

2022 మార్చి నెలాఖరులో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఐసీయూలో ఉన్న రోగిని ఎలుకలు కొరికాయి. ప్రభుత్వం ఆఘమేఘాల మీద స్పందించింది. సూపరింటెండెంట్‌ను బదిలీ చేసి, ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేసింది. ఎలుకల్ని పట్టడం ఎంబీబీఎస్‌లో ఏ ఏడాది సిలబసో ఎవరైనా చెబితే బాగుండు. అంతకు దాదాపు ఏడేళ్ల ముందు, 2015 ఆగస్టులో, గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో ఎలుకలు కొరికిన పసికందు చనిపోయాడు. ఈ ఏడేళ్లలో మనం నేర్చుకున్నదేమిటో ఎంజీఎం ఎలుకలే చెప్పాయి.

వేటు వేస్తే పేపర్లో హెడ్డింగ్ వస్తుంది, అక్కడితో కథ ముగుస్తుంది. తప్పు ఎలా జరిగిందో ఆ వార్డులో పనిచేసేవాళ్లకు తెలుసు. చెబితే తమ మెడకే చుట్టుకుంటుందన్నదీ తెలుసు. అందుకే ఎవరూ నోరు విప్పరు.

2022లోనే ఆగస్టు 25న హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. అందరూ చిన్న వయసు తల్లులే. ఇన్ఫెక్షన్ అన్నారు, విచారణ వేశారు, చర్యలు తీసుకున్నారు. నా ప్రశ్న వేరే. ఏ థియేటర్ నర్సునైనా అడగండి, ఒక కేసుకీ ఇంకో కేసుకీ మధ్య కడుపులోకి పెట్టే లాప్రోస్కోప్ గొట్టం క్రిములను చంపే సైడెక్స్ ద్రావణంలో ఎంతసేపు నానాలో టకటకా చెబుతుంది. తెలియక కాదు. బయట ఇంకా పదిహేను మంది కూర్చున్నారు, మధ్యాహ్నం దాటింది, పెద్ద డాక్టరు ‘ఇంకెంతసేపమ్మా, కానివ్వు’ అన్నారు. అప్పుడు ‘టైం కాలేదు సార్, ఆగండి’ అనగల నర్సు మన రాష్ట్రాల్లో ఎంతమంది ఉన్నారు?

ఆ ‘ఆగండి’కి విలువ ఎంతో లెక్క తేలే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల చెక్‌లిస్ట్ తెచ్చింది. కత్తి పెట్టేముందు అందరూ ఒక్క నిమిషం ఆగాలి. రోగి పేరేంటి, ఏ వైపు ఆపరేషన్, యాంటీబయాటిక్ ఇచ్చారా, పరికరాలు స్టెరైల్ అయ్యాయా అని పైకి చదవాలి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కొత్త మెషీన్ కొనలేదు, కొత్త మందూ లేదు. ఒక కాగితం, దాన్ని పైకి చదివే మనిషి, ఆ మనిషి మాటకు సర్జన్ ఆగడం, అంతే. మన దగ్గర ఆ కాగితం చాలాచోట్ల ఆపరేషన్ అయ్యాక టిక్కులు పెట్టే ఫారంగా మారిపోయింది.

ఆ మధ్య మా అమ్మకు తోడుగా ఒక పెద్దాసుపత్రిలో నాలుగు రాత్రులు పడుకున్నాను. నలభై మంచాలు, ఒక్క సిస్టర్. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలంటుంది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్. సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం ఎక్కుతుంటే పక్క మంచం అటెండెంట్ లేచొచ్చి చక్రం తిప్పి ఆపాడు. ‘సిస్టర్ అవతలి వార్డుకెళ్లింది సార్, మొన్నటి నుంచి ఈ వరస నేనే చూసుకుంటున్నా’ అన్నాడు, మేస్త్రీ పని చేసే మనిషి. తెల్లవారుజామున సిస్టర్ ఇంజక్షన్ తెచ్చి పేరడిగింది. ‘లక్ష్మి’ అంది అమ్మ. ఆవిడ ఆగి, ఇంటిపేరు కూడా అడిగి, కేస్ షీట్ మళ్లీ చూసింది. ఆ వరసలో ముగ్గురు లక్ష్ములున్నారు. రాత్రంతా కాళ్లమీద నిలబడిన మనిషి ఆ రెండో ప్రశ్న అడగడం మా అదృష్టం. అదృష్టం మీద ఆసుపత్రులు నడపకూడదు కదా. మాటల్లో తెలిసింది, ఆవిడ అవుట్‌సోర్సింగ్, అంటే ఏజెన్సీ ద్వారా తీసుకున్న మనిషి. మూడు నెలలుగా జీతం పడలేదు.

శిక్ష లేకపోతే నిర్లక్ష్యం పెరుగుతుందనే వాదన ఉంది. తాగి డ్యూటీకొచ్చినవాణ్ని, లంచం అడిగినవాణ్ని ఇంటికి పంపండి, ఎవరు కాదన్నారు? నియామకాలు జరుగుతున్నాయి కదా అనేవారూ ఉన్నారు. నిజమే, 2024 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం ఎల్బీ స్టేడియంలో దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలిచ్చింది. మంచి పని. అయితే తలలు పెంచితే చాలదు, వాళ్ల గొంతుకు రక్షణ కావాలి. పొరపాట్లను భయం లేకుండా నమోదు చేసే వ్యవస్థ ఉండాలని కేంద్రం 2018లోనే జాతీయ రోగి భద్రత ప్రణాళికలో రాసుకుంది. ఆ ప్రణాళిక గడువు 2025తో అయిపోయింది. మన జిల్లా ఆసుపత్రిలో అలాంటి రిజిస్టర్ ఎక్కడుందో అడిగి చూడండి. ఏటా సెప్టెంబర్ 17న రోగి భద్రతా దినోత్సవం బ్యానర్ మాత్రం కనిపిస్తుంది.

ఏటేటా రెన్యువల్ కోసం ఏజెన్సీ చుట్టూ తిరిగే మనిషికి క్వాలిటీ ట్రైనింగ్ ఇచ్చి, తప్పు కనిపిస్తే చెప్పమనడం ఏం న్యాయం? చెబితే ఉద్యోగం ఏజెన్సీ చేతిలో, చెప్పకపోతే రోగి ప్రాణం గాల్లో. ప్రభుత్వాలు పొదుపు పేరుతో ఇరవై ఏళ్లుగా చేస్తున్నదిదే, ఆసుపత్రుల్లోనే కాదు. కరెంటు స్తంభం ఎక్కే కుర్రాడు, 108 అంబులెన్స్ నడిపే పైలట్, మున్సిపల్ కార్మికుడు, ఎక్కువమందిది ఇదే కథ. గురుకులంలో కూర వాసన తేడాగా ఉందని మొదట పసిగట్టేది వంటామె. ఆమె ఏజెన్సీ మనిషి, మాట్లాడదు. ఆ రాత్రి వాంతులతో పిల్లలు ఆసుపత్రికొస్తారు. అక్కడ వాళ్లకు సెలైన్ పెట్టేది కూడా ఏజెన్సీ మనిషే.