శిక్ష జేబులో పొట్లానికా, చేతిలో స్టీరింగుకా?

విజయవాడ హైవే మీద చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా, కర్నూలు హైవే మీద షాద్‌నగర్ నుంచి అలంపూర్ చౌరస్తా దాకా, రాత్రిపూట ఎదురొచ్చే డ్రైవరు ఏ మత్తులో ఉన్నాడో మనకు తెలియదు. గంజాయి తాగడాన్ని నేరంగా చూడటం మానేసి, మత్తులో బండి నడిపినవాణ్ణి మాత్రమే గట్టిగా శిక్షించాలని ఒక వాదం. ఈ నేల మీద అది నడవదని ఇంకో వాదం. మొదటిదాన్ని నల్లగొండ వకీలు నోట, రెండోదాన్ని మహబూబ్‌నగర్ డాక్టరమ్మ నోట వినిపిస్తున్నాం.

వకీలు: డాక్టరమ్మా, ముందుగాల రెండు సెక్షన్లు పక్కపక్కన పెట్టి చూడుండ్రి. ఇంట్ల గంజాయి తాగి పండుకున్నోనికి మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) 27వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, లేకుంటే 10,000 దాకా జుర్మానా, లేకుంటే రెండూ. తాగి లారీ నడిపినోనికి మోటారు వాహనాల చట్టం 185 కింద మొదటిసారి ఎంత? అదే 6 నెలలు, అదే 10,000. ఒకడు తన ఒంటికి తాను చేసుకున్నడు, ఇంకొకడు ఎదురుంగ వచ్చే కుటుంబం మీదికి పోతున్నడు. ఇద్దరికీ ఒక్కటే తూకమా? ఇంట్ల ఉన్నోణ్ణి వదిలెయ్యాలె, స్టీరింగు పట్టినోణ్ణి వదలొద్దు. నేను అడిగేది గంతే.

డాక్టరమ్మ: వదలొద్దంటే ముందు దొరకాలె కదా వకీలు సాబ్. మందు తాగినోణ్ణి పట్టుకునే మిషను ఉన్నది, ఎందుకంటే ఆల్కహాల్ లెక్కకు వస్తది. 100 మిల్లీలీటర్ల రక్తంల 30 మిల్లీగ్రాములు దాటొద్దని చట్టం. 60 మిల్లీలీటర్ల విస్కీల సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటది. 70 కిలోల మొగమనిషి ఖాళీ కడుపుతోని అది తాగితే లెక్క 40 దాటుతది, ఆ తర్వాత గంటకు 15 దాకా దిగుతది. ఊదిన గాలికీ రక్తానికీ సంబంధం ఉన్నది గనుక మిషను ఆ అంకె చెప్తది. గంజాయికి అసుంటి అంకె లేదు.

వకీలు: లేకపోవుడేంది? కెనడా 2018 అక్టోబరుల గంజాయిని చట్టబద్ధం చేసినప్పుడే గీత గీసింది. మిల్లీలీటరు రక్తంల టీహెచ్‌సీ, అంటే గంజాయిల మత్తు ఎక్కించే పదార్థం, 2 నానోగ్రాములు దాటితే ఒక నేరం, 5 దాటితే ఇంకా పెద్దది. మందు కూడ కలిస్తే 2.5 నానోగ్రాములకే పెద్ద నేరం. అమెరికాల కొలరాడో 5 అన్నది.

డాక్టరమ్మ: గీత గీసిండ్రు, కానీ ఒళ్ళు ఆ గీతను పట్టించుకోదు. పొగ పీల్చినంక నిమిషాలల్ల రక్తంల టీహెచ్‌సీ శిఖరానికి పోతది, గంట రెండు గంటలల్ల దబ్బున పడిపోతది. మత్తేమో ఇంకా ఉంటది. నార్కట్‌పల్లి దగ్గర ఆపి, ఠాణాకు తీస్కపోయి, దవాఖానల రక్తం తీసేసరికి అంకె చిన్నగైతది. రోజూ తాగేటోనికి ఉల్టా: రెండు రోజులు ముట్టకున్నా రక్తంల కొంచెం మిగులుతది. మూత్రం కిట్ ఇంకా అన్యాయం. అది పట్టేది గంజాయి కరిగిపోయినంక మిగిలిన అవశేషాన్ని, రోజూ తాగేటోనికైతే అది వారాల దాకా పోదు. అంటే మొన్న ఆదివారం తాగినోడు ఇయ్యాల శుద్ధంగ బండి నడిపినా దొరుకుతడు. తింటే ఇంకో తంటా. అరగంట నుంచి రెండు గంటలకు గాని ఎక్కదు, ఆరేడు గంటలు దిగదు. “నాకేం కాలే” అనుకుని తాళం తిప్పుతడు, దారిల ఎక్కుతది.

వకీలు: అంకె అక్కరలేదు. 185 మందుకు అంకె పెట్టింది గాని మత్తుపదార్థాలకు పెట్టలే. “బండిని అదుపుల ఉంచుకోలేనంత” అన్నది, గంతే. మనిషిని చూడాలె, రక్తాన్ని గాదు. మడిమకు కాలివేలు ఆనిచ్చి తొమ్మిది అడుగులు, తిరిగి తొమ్మిది అడుగులు నడిపియ్యాలె. ఒంటికాలి మీద 30 సెకండ్లు నిలబెట్టాలె. కండ్ల ముంగట పెన్ను అటిటు జరిపి గుడ్డు అదురుతున్నదా చూడాలె. వేరే దేశాలల్ల పోలీసులకు ఇది పద్ధతిగ నేర్పుతరు.

డాక్టరమ్మ: అవే పరీక్షలు మర్రిగూడ, మునుగోడు దిక్కు పెట్టి చూడుండ్రి. ఫ్లోరైడ్ నీళ్ళతోని మోకాళ్ళు, నడుము బిగుసుకపోయినోళ్ళు చుక్క తాగకున్నా తొమ్మిది అడుగులు సక్కగ వెయ్యలేరు. ఇగ కనుగుడ్డు అదురుడు అంటిరి. అది మందుకు, నిద్రమాత్రల జాతికి అదురుతది. గంజాయికి అదరదు. మీరు వదలొద్దన్నోడే ఆ పరీక్షల పాసై పోతడు.

(ఇక్కడ డాక్టరమ్మ వాదమే బరువైనది. నడక పరీక్ష వద్దనడానికి కాదు. ఈ జిల్లాలో దాన్ని ఒంటరిగా నమ్మకూడదనడానికి.)

వకీలు: సరే. పరీక్షలన్నీ కలిపి చూస్తరు, ఒక్కదాంతోని తేల్చరు. అయితే ఒకటి అడుగుత. నిషేధమే రోడ్డును కాపాడేదైతే మన కల్లు సంగతేంది? అండ్ల కలిపే ఆల్ప్రాజోలం నిద్రమాత్రల జాతిదే, ఎన్‌డీపీఎస్ కిందనే ఉన్నది. అయినా సీసాలకు ఎట్ల చేరుతున్నది?

డాక్టరమ్మ: చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. ఈత, తాటి చెట్లు పొద్దుగాలకు ఒక లెక్కనే ఇస్తయి. మిగిలినదాన్ని నీళ్ళు, శాకరిన్, ఆల్ప్రాజోలం పొడితోని నింపుతరు. ఆ పొడి నీళ్ళల్ల సరిగ కరగదు, అందుకే పైనుంచి నింపిన సీసాల తక్కువ, అడుగునుంచి నింపిన సీసాల ఎక్కువ. తాగేటోనికి ఎంత మోతాదు పోయిందో కలిపినోనికే తెల్వదు. అసలు కల్లుల నాలుగైదు శాతం ఆల్కహాల్ ఉంటది. ఒక పెద్ద సీసా గడగడ తాగితే మిషన్ల పడతడు. కల్తీ కల్లు తాగినోడు పడడు, ఎందుకంటే అండ్ల ఆల్కహాలే తక్కువ. మిషను 12 అని చూపిస్తది, మనిషి తూలుతుంటడు. కానిస్టేబులు “పో” అంటడు. పొద్దుగాల లేచినంక గూడ తేరుకోడు. ఆల్ప్రాజోలం సగం పోవటానికే సుమారు 11 గంటలు పడతది. గంటకు 60 కిలోమీటర్ల వేగంల బ్రేకు మీద కాలు అరసెకండు లేటుగ పడితే బండి 8 మీటర్లు ఎక్కువ పోతది.

వకీలు: నేను చెప్పేది గూడ గదే! నిషేధం ఉన్నా పొడి వచ్చింది, ఎవరూ కొలవకుండ వచ్చింది. తూకం చూడుండ్రి. ఆల్ప్రాజోలం 5 గ్రాముల దాకా “చిన్న పరిమాణం”, ఏడాది దాకనే శిక్ష. 0.25 మిల్లీగ్రాముల మాత్రలైతే 5 గ్రాములంటే 20,000 మాత్రలు. పొడి కలపకముందు దొరికితే అది చిన్న కేసు! దుకాణంల లేబులు, మోతాదు, లైసెన్సు ఉంటే తాగినోనికి తెలుస్తది, బాధ్యత గూడ వానిదైతది.

డాక్టరమ్మ: కల్లు దుకాణానికి లైసెన్సు లేదా? ఉన్నది. లైసెన్సు ఉన్న దుకాణంలనే గిదంత జరిగింది. ఇగ బాధ్యత మాట. భారతీయ న్యాయ సంహిత 23వ సెక్షన్ మీకు నాకన్న బాగ ఎరుక.

వకీలు: ఎరుకే. తన ఇష్టంతోని తాగినోనికి మత్తు సాకు గాదు. తనకు తెల్వకుండ, లేకుంటే ఇష్టానికి విరుద్ధంగ ఎవరన్న మత్తు ఎక్కిస్తే మాత్రం మినహాయింపు ఉన్నది.

డాక్టరమ్మ: మరి కల్లనుకుని ఆల్ప్రాజోలం తాగి బైకు మీద ఒకణ్ణి చంపినోడు ఎటు?

వకీలు: కల్లు తాగుడు ఇష్టంతోనే కాబట్టి ప్రాసిక్యూషన్ అంత అల్కగ వదలదు. కానీ ఆ వాదన నిలబడే అవకాశం ఉన్నదని ఒప్పుకుంట. అందుకే కలిపినోణ్ణి గూడ అదే కేసుల నిలబెట్టాలె.

డాక్టరమ్మ: నిషేధం తప్పే లేనిదని నేను అంటలేను. 1995 జనవరిల సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997ల పోయింది. కల్తీ కల్లు ఒక్కసారి బందైనప్పుడు ఏమైతదో గూడ చూసినం: రోజూ తాగినోనికి రెండు మూడు రోజులల్ల చేతులు వణుకుడు, నిద్ర లేకపోవుడు, లేని మనుషులు కనపడుడు, ఆఖరుకు ఫిట్స్. ఆల్ప్రాజోలం దబ్బున ఆపొద్దు, డాక్టరు పర్యవేక్షణల మెల్లగ తగ్గియ్యాలె. ఆ మూడోరోజు బండి హ్యాండిలు పట్టినోనికి రక్తంల ఏ మత్తూ దొరకకపోవచ్చు. ఫిట్స్ మాత్రం వస్తది. మీ చట్టం దాన్ని ఏమంటది?

వకీలు: 185 అయితే ఏమీ అనదు. మోటారు వాహనాల చట్టం 202వ సెక్షన్ల ఒక గడియారం గూడ ఉన్నది, అది చాలమందికి తెల్వదు. 185 కింద అరెస్టు చేసినంక రెండు గంటలల్ల రిజిస్టర్డ్ డాక్టరుతోని పరీక్ష చేయియ్యకుంటే వదిలెయ్యాలె. ఊర్లల్ల ఆర్ఎంపీ అని పిలిచేటోళ్ళు గాదు, రిజిస్టరైన డాక్టరే కావాలె. రాత్రి 11కు పెబ్బేరు దగ్గర ఆపితే ఒంటిగంట లోపల ఆ డాక్టరు ఎక్కడ?

డాక్టరమ్మ: అదే నేను ముందు నుంచి అడుగుతున్న. అది కుదిరినంకనే గంజాయి మాట.

వకీలు: కుదిరేదాక ఇంట్ల తాగిన పిలగాండ్లను కేసులల్ల తిప్పుదమా? ఎన్‌డీపీఎస్‌ల 64ఏ సెక్షన్ ఉన్నది. వ్యసనపరుడు తానై సర్కారు గుర్తించిన చోట చికిత్సకు ఒప్పుకుని పూర్తి చేస్తే ఆ చిన్న కేసు ఉండదు. దానికి కావాల్సింది దవాఖానల ఒక మంచం, కోర్సు పూర్తయిందని రాసిచ్చే ఒక సంతకం.

డాక్టరమ్మ: మంచం ఒకటే ఉంటే?

వకీలు: చెప్పుండ్రి, ఎవరికిస్తరు? గంజాయి పిలగానికా, కల్లు మానేసి ఫిట్స్‌తోని వచ్చినోనికా?

డాక్టరమ్మ: ఫిట్స్ వచ్చినోనికే, వకీలు సాబ్. గంజాయి పిలగానికి తాను ఏం తాగిండో ఎరుక. వీనికి అది గూడ ఎరుక లేదు.