నీడకి టికెట్ ఎంత? విశాఖ ఎండ గారికి బహిరంగ లేఖ

విశాఖపట్నం మిట్టమధ్యాహ్నపు ఎండ గారికి,

నమస్కారాలు. మాది రెంటచింతల పక్క ఊరు. ఎండంటే ఎరగని మనిషెవరో రాసిందని మీరు ఈ ఉత్తరాన్ని పక్కన పడేస్తారేమోనని ఆ సంగతి ముందే చెబుతున్నాను. మా ఎండ 45 డిగ్రీలతో వచ్చినా దాపరికం లేకుండా వస్తుంది. మేమూ తలుపులేసుకుని దాని మర్యాద దానికిస్తాం. మీ పద్ధతి వేరు. 40 దాటడం మీకు అరుదు. ఫోన్‌లో చూస్తే 34 అంటూ అమాయకంగా కనిపిస్తారు. ఆ అంకెని నమ్మి, వీపున సంచి తగిలించుకుని, జేబులో నాలుగు వంద నోట్లతో దిగినవాళ్లని రుషికొండ బీచ్ చేరేలోపే ఉతికి ఆరేస్తారు. నిజానికి ఉతకడం వరకే మీ పని, ఆరడమన్నది మీ ఊళ్లో లేదు. గాలి నిండా సముద్రపు తేమే ఉంటే చెమట ఆవిరై ఎక్కడికి పోతుంది?

వేడి సంగతి వదిలేయండి. నాకు అనుమానమంతా మీ వ్యాపారం మీద.

విశాఖలో చూడాల్సినవి చాలావరకు ఉచితం. ఆర్కే బీచ్‌కి గేటు లేదు. విక్టరీ ఎట్ సీ స్మారకం ముందు ఎంతసేపు నిలబడ్డా అడిగేవాళ్లు లేరు. అక్కణ్ణుంచి భీమిలి దాకా సముద్రాన్ని చూసుకుంటూ పోవచ్చు, పైసా ఖర్చు లేదు. కాకపోతే ఈ ఉచితాల్లో దేనికీ పైకప్పు లేదు. పైకప్పు ఉన్న ప్రతిదానికీ టికెట్టో మెనూ కార్డో ఉంది. ఇది కాకతాళీయమంటే నేను నమ్మాలా? పదకొండింటికి మీరు డ్యూటీ ఎక్కుతారు, పదకొండుంబావుకల్లా కాఫీ షాపులు నిండుతాయి. నేను తాగిన కాఫీ 180 రూపాయలు. అందులో కాఫీ ఖరీదు ముప్ఫై ఉంటుందేమో, మిగతాదంతా నీడ ఖరీదు. మీ కమీషన్ ఎంతో మీరే సెలవివ్వాలి.

లాడ్జీలవాళ్లతో మీకున్న ఒప్పందం కూడా బయటపడింది. చవక డార్మిటరీలో పదింటికి మంచం ఖాళీ చేయాలి. ఇంకోచోట మంచం దొరికేది ఒంటిగంట దాటాకే. మధ్యలో ఆ మూడు గంటలు ఎవరి సొంతమో వేరే చెప్పక్కర్లేదు. సంచి రైల్వే స్టేషన్ క్లోక్ రూమ్‌లో పడేద్దామంటే తాళం వేసిన సామానే తీసుకుంటారు, నా సంచికేమో జిప్పు తప్ప తాళం లేదు. తాళాలమ్మే బండి బయటే ఉంది. ఆ ఎండలో ఎవరూ గట్టిగా బేరమాడరని బండాయనకి తెలుసు. ఆయన్నీ ఏమనలేకపోయాను, ఆయన గొడుగు నిండా చిల్లులే.

తొట్లకొండ బౌద్ధ క్షేత్రం దగ్గర మీరు చేసింది మాత్రం మరిచిపోలేను. బడ్జెట్ ప్రయాణంలో బౌద్ధ భిక్షువులని మించినవాళ్లు ఈ తీరాన ఇంకెవరూ లేరు. మూడు వస్త్రాలు, ఒక భిక్షాపాత్ర, లగేజీ సమాప్తం. సుమారు రెండు వేల ఏళ్ల కిందట వాళ్లు ఆ కొండ మీద విహారాలు కట్టుకున్నారు, రాతిలో తొట్లు తొలిచి నీళ్లు నిలవ చేసుకున్నారు. పైగా వాళ్లు తిరగడం మానేసి ఒకచోట కుదురుగా ఉండేది వానాకాలంలో. నాలా ఏప్రిల్లో కొండెక్కి కూర్చునే రకం కాదు. 1970ల్లో నౌకాదళం సర్వే చేస్తుంటే ఈ చోటు బయటపడింది. తవ్వి చూస్తే స్తూపం దొరికింది, గదుల పునాదులు దొరికాయి, రోమన్ నాణేలు కూడా దొరికాయి. కప్పు ఒక్కటే దొరకలేదు! అన్ని వందల ఏళ్లలో ముందుగా దాన్నే మాయం చేశారంటే మీ ముందుచూపుని మెచ్చుకోవాలి. నేను స్తూపం చుట్టూ భక్తితో ప్రదక్షిణ చేస్తున్నానని అక్కడున్న పెద్దాయన ముచ్చటపడ్డాడు. నేను వెతుకుతున్నది నీడ. మీరు నడినెత్తిన ఉన్నప్పుడు స్తూపానికే నీడ లేదు, నాకెక్కడ దొరుకుతుంది?

దేవుణ్ణయినా వదిలారా అంటే అదీ లేదు. సింహాచలం అప్పన్న ఏడాది పొడవునా ఒళ్లంతా చందనం పూసుకునే ఉంటాడు. పురాణం వేరే కారణం చెబుతుంది కానీ, మధ్యాహ్నం ఆ క్యూలో నిలబడిన ఎవరినడిగినా అసలు కారణం చెప్తారు. ఆయన చందనం వదిలి నిజరూపంలో కనిపించేది ఒక్క అక్షయ తృతీయ నాడు. అది సరిగ్గా మీ సీజన్‌లోనే పడుతుంది. మీ పలుకుబడి అలాంటిది.

బీచ్ రోడ్డు మీది విశాఖ మ్యూజియంలో 1942 ఏప్రిల్‌లో జపాన్ వాళ్లు వేసిన, పేలని బాంబు ఉంది. దాని ముందు నేను నిలబడినంతసేపు చరిత్ర విద్యార్థులు కూడా నిలబడి ఉండరు. పాత డచ్చి బంగళా కదా, గోడలు మందం. అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకే భోజనం, పైకప్పు కూడా కలిపే. కాకపోతే తిన్నాక వెనక నిలబడినవాళ్లకి బల్ల వదలాలి, అది న్యాయం.

ఒక్క విషయంలో మీ తప్పు లేదని ఒప్పుకుంటాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊరి చెట్లు ఎన్ని కూలాయో చూసినవాళ్లు ఇంకా చెప్పుకుంటారు. రోడ్ల మీదికి కొమ్మలు వాల్చిన పెద్ద పెద్ద మానులు ఒక్క రోజులో పోయాయి. అవి ఎవరినీ టికెట్ అడగని నీడలు. ఆ తర్వాత మొక్కలు నాటారు, నిజమే. కానీ బీచ్ అందంగా కనబడాలనే ఆరాటంలో నాటినవాటిలో కొబ్బరి జాతి, ఈత జాతి అలంకారపు చెట్లూ ఉన్నాయి. వాటి నీడలో నిలబడాలంటే మనిషి కరెంటు స్తంభం ఆకారంలో పుట్టాలి. తుఫాను ఖాళీ చేసిన కుర్చీలో మీరు కూర్చున్నారు, లేవమని మిమ్మల్ని ఇంతవరకు ఎవరూ గట్టిగా అడగలేదు.

మీకు తెలియకుండా నేనొక నీడ సంపాదించాను, చెబితే కుళ్లుకుంటారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లకి సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ చేతికిస్తారు. అంటే విశాఖలో ఉచితంగా దొరికే ఒకే ఒక్క కప్పు చక్రాల మీద తిరుగుతోందన్న మాట. భీమిలి వెళ్లే 900K నంబరు బస్సెక్కాను. పొద్దున ఎక్కితే సముద్రమూ మీరూ ఒకే కిటికీలోంచి వస్తారు, ఇద్దరిలో ఒకరిని ఎంచుకునే వీలు లేదు. మధ్యాహ్నం రెండు దాటాక ఎక్కితే మీరు ఎడమవైపుకి వాలిపోతారు, కుడి కిటికీలో రుషికొండ దాటినప్పటినుంచీ సముద్రం మాత్రమే ఉంటుంది. ఈ రహస్యం నాకు చెప్పింది పక్క సీట్లో చేపల గంప కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్న ఒక అమ్మ. "ఆ పక్కన కూకో అమ్మా, మాడిపోతావ్" అంది. మీమీద ఈ ఫిర్యాదు రాస్తున్నానంటే మాత్రం ఆవిడ సంతకం పెట్టనంది. మీరు రాకపోతే వాళ్ల ఎండు చేపలు ఎండవట. మీకు కూలి ఇవ్వకుండా పని చేయించుకుంటున్నది ఊళ్లో వాళ్లొక్కరే. అందుకే ఆవిడంటే నాకు గౌరవం పెరిగింది.

సాయంత్రానికి మీ పెత్తనం ఎలాగూ సడలుతుంది. తీరం తూర్పు ముఖం కాబట్టి మీరు ఊరి వెనక్కి జారుకోక తప్పదు. అప్పుడు బీచ్ రోడ్డు మేడల నీడ ఇసుక మీదికి దిగుతుంది. సముద్రం కనబడాలని కోట్లు పోసి ఫ్లాట్లు కొన్నవాళ్ల నీడలో నేను కాళ్లు చాపుకుని మురీ మిక్చర్ తిన్నాను. వాళ్ల నెలవారీ వాయిదాల్లో నా వాటా ఏమీ లేదు.

ఇక నా ప్రతిపాదన. డిసెంబరులో మళ్లీ వస్తాను. అప్పుడు మీరు దుకాణం అరకుకి మార్చండి. వలిసె పూల చేల పక్కన, టీ బండ్ల దగ్గర, స్వెట్టర్ మర్చిపోయి వణికేవాళ్లు బోలెడంతమంది దొరుకుతారు. అక్కడ మీరు ఏ రేటు పెట్టినా కిక్కురుమనకుండా ఇస్తారు, నేనూ ఇస్తాను. ఈలోపు జవాబు రాయాలనిపిస్తే బస్సు ఎడమ కిటికీకి పంపండి. నేను కుడివైపు కూర్చుంటాను.

ఇట్లు,
జీరో టికెట్ ప్రయాణికురాలు