‘సారీ చెప్పు’ అనేస్తే గొడవ తీరిపోతుందా?

పిల్లలిద్దరు కొట్టుకున్నారంటే చాలా క్రైస్తవ కుటుంబాల్లో జరిగేది ఒకటే. అమ్మో నాన్నో మధ్యలోకి వచ్చి ఒకరితో సారీ చెప్పిస్తారు, రెండోవారితో ‘క్షమించాను’ అనిపిస్తారు. అవసరమైతే యేసయ్య చూస్తున్నాడని కూడా గుర్తు చేస్తారు. అర నిమిషంలో ఇల్లు సద్దుమణుగుతుంది. ఎవరి మనసులో ఏముందో మాత్రం ఎవరికీ తెలియదు. ఈ పద్ధతి పెద్దవాళ్ల టెన్షన్ తగ్గించడానికే తప్ప పిల్లలకు పెద్దగా పనికొచ్చేది కాదని నా అభిప్రాయం. బైబిల్ చూపించే దారి కూడా ఇది కాదు.

లూకా సువార్త 12వ అధ్యాయంలో ఒకడు యేసు దగ్గరికి వచ్చి, ఆస్తి పంచమని నా సహోదరుడితో చెప్పు అంటాడు. మీ మీద నన్ను తీర్పరిగా ఎవరు నియమించారని ఆయన ఎదురు ప్రశ్న వేస్తాడు. తర్వాత అసలు రోగం గురించి, అంటే లోభం గురించి మాట్లాడతాడు. మనమేమో పిలవకముందే తీర్పరి కుర్చీలో కూర్చుంటాం. ‘ముందు ఎవరు మొదలుపెట్టారు?’ అని విచారణ చేస్తాం. దాంతో పిల్లల దృష్టి ఎదుటివాడితో మాట్లాడటం మీద నుంచి మన దగ్గర కేసు గెలవడం మీదికి మళ్లుతుంది.

మత్తయి 18:15-17లో యేసు ఒక వరుస చెప్పాడు. నీ పట్ల తప్పు చేసినవాడి దగ్గరికి మొదట ఒంటరిగా వెళ్లు. వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. పిల్లలు (పెద్దలూ అంతే అనుకోండి) దీన్ని సరిగ్గా తలకిందులు చేస్తారు. ముందు క్లాసంతా చాటుతారు, తర్వాత టీచర్‌కు చెబుతారు, గొడవపడిన వాడితో మాత్రం ఆఖరికి కూడా మాట్లాడరు. అందుకే ఆ మొదటి మెట్టు ఇంట్లోనే అలవాటు చేయాలి. ‘నువ్వు నా బొమ్మ అడక్కుండా తీశావు, నాకు కోపం వచ్చింది, ఈసారి అడుగు’ అని చెప్పడం ఐదేళ్ల పిల్లకూ వస్తుంది. తల్లిదండ్రులు కాస్త దగ్గరలో కూర్చుని, నోరు కట్టేసుకుంటే చాలు. వాడు వింటే ‘నీ సహోదరుని సంపాదించుకొంటివి’ అంటుంది వాక్యం. వాదన నెగ్గావని అనదు.

కోపం పాపమని నేర్పడం మరో పొరపాటు. ‘కోపపడుడి గాని పాపము చేయకుడి’ అని పౌలు ఎఫెసీయులకు రాశాడు. సమాజమందిరంలో (యూదుల ప్రార్థనా స్థలంలో) ఎండిపోయిన చెయ్యి గలవాణ్ణి బాగుచేసే ముందు యేసు కోపంతో చుట్టూ చూశాడని మార్కు 3:5 చెబుతుంది.

క్షమాపణ మీద సండే స్కూల్లో తప్పకుండా వచ్చే కథ యోసేపుది. కానీ అన్నలు అతణ్ణి గుంటలో పడేయడం నుంచి నేరుగా కౌగిలింత దగ్గరికి దూకేస్తాం. మధ్యలో జరిగిందే అసలు పాఠం. ఏళ్ల తర్వాత ఐగుప్తులో అధికారిగా ఉన్న యోసేపు దగ్గరికి ధాన్యం కోసం అన్నలు మొదటిసారి వచ్చినప్పుడు అతను తానెవరో చెప్పలేదు. వాళ్లు మారారో లేదో పరీక్షించాడు. ఒకప్పుడు అతణ్ణి అమ్మేద్దామని సలహా ఇచ్చిన యూదాయే, తమ్ముడు బెన్యామీనుకు బదులు నన్ను దాసుడిగా ఉంచుకోమని ముందుకొచ్చాడు. అప్పుడుగానీ యోసేపు తానెవరో వాళ్లకు చెప్పలేదు. అంటే క్షమించడం వేరు, మళ్లీ నమ్మడం వేరు. నమ్మకానికి టైం పడుతుంది. ‘నిన్ను క్షమించాను, కానీ నా సైకిల్ ఇప్పుడే ఇవ్వను’ అనే పిల్లాడు భక్తిలో వెనకబడ్డట్టు కాదు. అలాగే పన్నులు వసూలు చేసే జక్కయ్య పశ్చాత్తాపం మాటలతో ఆగలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. చెల్లి బొమ్మ విరగ్గొట్టినవాడు కూర్చుని దాన్ని అతికించడం, సారీ కంటే ఎక్కువ నేర్పుతుంది.

ఇదంతా తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. పిల్లలకు కోపం రేపవద్దని ఎఫెసీ 6:4 తండ్రులకే చెప్పింది. అనవసరంగా అరిచిన నాన్న ‘అరవడం నా తప్పు’ అని అక్కడితో ఆపాలి. ‘కానీ నువ్వు కూడా...’ అని తోక తగిలించకూడదు.

ఇక ఒక చెంపమీద కొడితే రెండో చెంప కూడా చూపమన్న యేసు మాట సంగతి. దీన్ని పిల్లలకు ‘కొట్టినా నోరెత్తకు’ అన్న అర్థంలో చెప్పడం ప్రమాదం. ప్రధాన యాజకుడి ఎదుట బంట్రోతు చెంపమీద కొట్టినప్పుడు యేసు మౌనంగా ఊరుకోలేదు. నేను తప్పు మాట్లాడితే అదేమిటో చెప్పు, లేకపోతే నన్నెందుకు కొడుతున్నావని అడిగాడు (యోహాను 18:23). తిరిగి కొట్టలేదు, అన్యాయాన్ని అన్యాయమనే అన్నాడు. ఒంటరిగా వెళ్లి మాట్లాడమన్న మాట కూడా సమానుల మధ్య గొడవకు సరిపోతుంది. రోజూ వేధించే పెద్ద పిల్లల దగ్గరికో, ఒంటిమీద చెయ్యి వేసిన పెద్దమనిషి దగ్గరికో బిడ్డను ఒక్కదాన్నే పంపడానికి ఆ వచనాన్ని వాడకూడదు. ‘శక్యమైతే’ అందరితో సమాధానంగా ఉండమని రోమా 12:18 అంటుంది. శక్యం కాని సందర్భాలుంటాయని ఆ వచనానికే తెలుసు. అలాంటప్పుడు వెంటనే ఎవరికి చెప్పాలో ఇద్దరు ముగ్గురు పెద్దల పేర్లు పిల్లలకు ముందే తెలిసుండాలి. చెప్పినందుకు ఎవరూ కోప్పడరని, ‘క్షమించి మర్చిపో’ అనరని కూడా వాళ్లకు ముందే చెప్పి ఉంచాలి.